నూట పన్నెండు కాపురాలు

నూకరాజు గారి మీద తగువు పెట్టడానికి కోనసీమ మొత్తం మీద ఒక్క పెద్దమనిషి దొరకలేదు. ఎలా దొరుకుతాడు? ఆ పెద్దమనిషి ఆయనే. మామిడికుదురు నుంచి రాజోలు దాకా ఏ మొగుడూ పెళ్ళాల గొడవైనా ఆయన వీధి వరండాలోనే తేలాలి. మరి ఆయన పెళ్ళాం వెంకటరమణమ్మకే ఆయనతో తగువొస్తే ఎవరి వరండా ఎక్కాలో ఎవరూ రాసిపెట్టలేదు.

అయినా ఎక్కింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో, నాలుగు ఊళ్ళలో నాలుగు వరండాలు ఎక్కి దిగింది. మొదటాయన ఏడుకొండలు గారు కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చి, బావగారి మీద నేను తగువుకి కూర్చోవడమేంటి చెల్లెమ్మా, నలుగురూ నవ్వుతారు అన్నాడు. రెండో ఆయన దిష్టి తగిలిందన్నాడు. మూడో ఆయన ఇంట్లో ఉండి కూడా లేననిపించాడు. నాలుగో ఆయన మాత్రం ఓపిగ్గా కూర్చోబెట్టి, కొట్టేడా అని అడిగాడు. లేదండి. తాగుతాడా? లేదండి. ఇంకో ఆడమనిషి ఉందా? ఛ, లేదండి. అయితే మరేంటమ్మా నీ బాధ అని చేతులు దులుపుకున్నాడు. రమణమ్మ చెప్పబోయేది చెప్పేలోపు ఆయన చెప్పులేసుకుని కొబ్బరి దింపు చూసుకోవడానికి తోటలోకి పోయాడు. మర్యాదకి మాత్రం ఏ ఇంట్లోనూ తక్కువ చెయ్యలేదు, నాలుగిళ్ళలోనూ భోజనం చేసి వెళ్ళమన్నారు.

అమలాపురంలో ప్లీడరు గారు మాత్రం విన్నాడు. ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే ఆరేడు నెలల్లో విడాకులైపోతాయి, ఆయన ఒప్పుకోకపోతే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది, ఈ వయసులో కోర్టు మెట్లు ఎక్కగలరా అని అడిగాడు. కాగితాలు తయారుచేసి భర్తకి పంపించాడు. నూకరాజు గారు వాటిని చదివి, మడిచి, అదే కవరులో పెట్టి తిరిగి పంపించారు. సంతకం లేదు. కవరుతో పాటు పెరట్లో పండిన చక్కరకేళీ గెల ఒకటి పంపించారు. రమణమ్మ ఆ గెలని, ముమ్మిడివరంలో తనుంటున్న వీధి పిల్లలందరికీ పంచేసింది. ఆవిడకి కావలసింది ఆయన సంతకం, ఇంకేమీ కాదు.

అసలు సంగతి చెప్పాలంటే నూకరాజు గారి తగువు పద్ధతి చెప్పాలి. ముందు తెల్లకాగితం. రెండు పక్షాలవాళ్ళూ దాని అడుగున సంతకం పెట్టాలి, రాకపోతే వేలిముద్ర వెయ్యాలి. ఆ తర్వాత వాదన, ఆ తర్వాత తీర్పు. తీర్పుని పైన ఖాళీలో రాస్తారు. ఏం రాస్తారో తెలియకుండా సంతకమేంటని ఎవరైనా నసిగితే, నామీద నమ్మకం లేనివాడివి నా వరండా ఎందుకెక్కేవు అని ఆయన నవ్వుతూనే అడిగేవారు. దాంతో అవతలివాడు సిగ్గుపడి పెట్టేసేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఖాళీలో రాసిన తీర్పు ఒక్కటే. అబ్బాయి బుద్ధిగా ఉండాలి, అమ్మాయి అత్తారింటికి వెళ్ళాలి. అబ్బాయి బుద్ధిగా ఉన్నాడో లేదో చూసిన నాథుడు లేడు గానీ, అమ్మాయి మాత్రం ప్రతిసారీ వెళ్ళేది.

ఆ వెళ్ళే పిల్లని గుమ్మం దాటించడం రమణమ్మ పని. తీర్పయ్యాక లోపలికి పిలిచి, బొట్టు పెట్టి, చేతిలో జాకెట్టు ముక్క పెట్టి, సర్దుకుపోమ్మా అని పంపేది. ఏడ్చే పిల్లలకి మొహం కడిగించేది. తను మంచిపని చేస్తున్నాననే అనుకుంది. పోనీ అనుకోలేదు, ఏమీ అనుకోలేదు. ఆ మాటే నిజం.

కిందటేడు కార్తీకంలో సత్తెమ్మ తన కూతురు రేవతిని వెంటపెట్టుకుని వచ్చింది. అల్లుడు గణపతికి అనుమానం జబ్బు. పెళ్ళాం ఫోను పట్టుకుంటే అనుమానం, పట్టుకోకపోతే ఎక్కడ దాచిందోనని అనుమానం. గణపతి తండ్రి రాఘవులు గారు రొయ్యల చెరువులున్న మనిషి, నూకరాజు గారికి కావలసినవాడు. వరండాలో వాదన జరుగుతుంటే రేవతి మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చింది. నీళ్ళు తాగలేదు. జాకెట్టు భుజం కిందికి లాగి చూపించింది. రమణమ్మ చూసింది. పిన్నిగారూ, ఈసారి వెళ్తే నేను మళ్ళీ రానండి అంది ఆ పిల్ల, అరిచీ కాదు ఏడ్చీ కాదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. రమణమ్మ ఏమందో తెలుసా? అన్నీ సర్దుకుంటాయిలే, వెళ్ళమ్మా అంది. బొట్టు పెట్టింది.

అత్తారింటికి వెళ్ళిన పదకొండో రోజు పొద్దున్న రేవతి రొయ్యల చెరువులో తేలింది. కాలు జారిందన్నారు. పదో రోజు కార్యక్రమం కాగానే రెండు కుటుంబాల మధ్య కేసులూ గొడవలూ లేకుండా నూకరాజు గారే మళ్ళీ తగువుకి కూర్చున్నారు. దానికీ ముందు తెల్లకాగితమే. సత్తెమ్మకి సంతకం రాదు. బీరువాలోంచి సిరా పెట్టె ఎప్పట్లాగే రమణమ్మే తెచ్చి ఇచ్చింది. వేలిముద్ర వేశాక సత్తెమ్మ వేలు తుడుచుకోవడానికి ఏమీ దొరక్క, తన చీర కుచ్చిళ్ళకే తుడుచుకుంది. రమణమ్మ అది చూస్తూ నిలబడింది. ఆ రోజు నుంచి ఆవిడకి అన్నం సయించలేదు.

అయినా వెంటనే ఏమీ వదిలి రాలేదు. నలభై ఏళ్ళ కాపురం ఒక్క పూటలో వదిలేసే ధైర్యం ఎక్కడిది? ఆరు నెలలు ఆలోచించింది. ఓ పెళ్ళిలో ఎవరో మైకులో, ఒక్క కాపురాన్ని కూడా విడిపోనివ్వని మహానుభావుడు అని ఆయన్ని పిలిస్తే, ఆయన లేచి వినయంగా దణ్ణం పెట్టారు. ఆ దణ్ణం చూశాక రమణమ్మకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే రెండు సంచులు సర్దుకుని, ఆటో మాట్లాడుకుని, ముమ్మిడివరంలో వాళ్ళమ్మ వదిలిన రెండు గదుల పెంకుటింటికి వచ్చేసింది.

అక్కడ మధ్యాహ్నం పూట పక్కింటివాళ్ళ టీవీలో 'కాపురం కోర్టు' వచ్చేది. విడిపోవాలనుకునే మొగుడూ పెళ్ళాలు చెరో బోనులో నిలబడతారు. నల్లకోటు వేసుకున్న అనూరాధ మేడం చేతిలో చెక్కసుత్తితో బల్ల మీద కొడుతుంది. మేడం ఒకప్పుడు సీరియల్లో అత్తగా చేసిందని రమణమ్మకి తెలుసు. అయినా ఆవిడ ముందు మగాళ్ళు తలొంచుకుని నిలబడడం కళ్ళారా చూస్తోంది. పెద్దమనుషుల మీద ఇంకో పెద్దమనిషి ఉందన్నమాట అనుకుంది. తెర అడుగున వచ్చే నంబరు రాసుకుని తనే ఫోను చేసింది. కిషోర్ అని ఒకబ్బాయి ఎత్తాడు. యాభై ఎనిమిదేళ్ళని చెప్పగానే వాడి గొంతులో హుషారు వచ్చింది. రమణమ్మ ఒక్కటే అడిగింది, మా ఆయన చేత సంతకం పెట్టిస్తారా అని. మేడం చెబితే పెట్టనివాళ్ళు ఇంతవరకూ లేరండి అన్నాడు కిషోర్. రమణమ్మ నమ్మింది. తగువంటే ఎవరో ఒక పెద్ద ముందు రెండు పక్షాలూ సమానంగా నిలబడ్డం అని నమ్మిన ఊరి మనిషి కదా, టీవీ పెట్టె కూడా అంతేననుకుంది.

అదే కిషోర్ నూకరాజు గారికి వేరే కథ చెప్పాడు. సన్మానం అన్నాడు. కొడుకు నాగసతీష్‌కి ఇంకో కథ చెప్పాడు. ఎవరికి ఏం చెప్పాడో రమణమ్మకి హైదరాబాదులో గానీ తెలియలేదు.

స్టూడియోలో ముందుగా ఆవిడకి పట్టుచీర ఇచ్చారు, ఎర్రంచు పసుపు చీర. నేను తెచ్చుకున్న నేతచీర బాగానే ఉంది కదండి అంటే, లైట్లకి ఇదే నప్పుతుందమ్మా అన్నారు. తలలో మూరెడు మల్లెపూలు పెట్టారు. విడాకులకొచ్చిన మనిషికి పూలెందుకో అని ఆవిడకి అప్పుడే అనుమానం రావలసింది. వచ్చింది కూడా. కానీ ఎదుటి బోనులో నూకరాజు గారు తెల్లపంచెతో వచ్చి నిలబడగానే మిగతాదంతా మరిచిపోయింది. నలభై ఏళ్ళలో ఆయన ఎవరి ముందైనా నిలబడడం చూడ్డం ఆవిడకి అదే మొదలు. ఆయన ఎప్పుడూ కూర్చునేవారు.

ఎదురుగా మెట్ల మీద చప్పట్లు కొట్టడానికి తెచ్చిన ముప్పై మంది ఉన్నారు. మేడం సుత్తి కొట్టి, ముందు నూకరాజు గారిని మాట్లాడమంది. తను పెట్టిన తగువు కదా, తనని కదా ముందు అడగాలి అనుకుంది రమణమ్మ. ఆయన మొదలుపెట్టారు. బోను కర్ర మీద చేతులు ఆనించి, గొంతు సవరించుకుని, వరండాలో మాట్లాడినట్టే మాట్లాడారు. ఆలూమగల మధ్య గాలి వచ్చినా నేను ఓర్చుకోలేనండి అన్నారు. ఇప్పటిదాకా నూట పన్నెండు కాపురాలు నిలబెట్టేనండి, ఒక్కటి కూడా విడాకుల దాకా వెళ్ళలేదండి అన్నారు. చప్పట్లు మోగాయి. మేడం కూడా సుత్తి పక్కన పెట్టి కొట్టింది. ఇలాంటి మహానుభావుడి ఇంట్లోనే చీకటా అని కెమెరా వైపు తిరిగి బాధపడింది.

తర్వాత రమణమ్మ వంతు. ఏమమ్మా, ఏం తక్కువ చేశారమ్మా నీకు అని అడిగింది మేడం. రమణమ్మ మేడానికి జవాబు చెప్పలేదు, ఎదుటి బోను వైపు తిరిగింది.

"ఏవండీ, ఆ నూట పన్నెండులో సత్తెమ్మ కూతురిది కూడా ఉందాండి?"

నూకరాజు గారు ఒక్క క్షణం ఆగారు. ఆ ఆగడం కెమెరాకి తెలియకపోవచ్చు గానీ రమణమ్మకి తెలుసు. అన్నంలో రాయి తగిలినప్పుడు ఆయన అలాగే ఆగుతారు.

"రాఘవులు గారి కోడలిదా?" అన్నారు. "అది కూడా ఉంది మరి. వాళ్ళు విడిపోలేదు కదా. తర్వాత జరిగింది దైవాధీనం."

మేడం ఏంటది, ఎవరది అని అడిగింది. రమణమ్మ చెప్పింది. అనుమానం మొగుడు, భుజం మీద దెబ్బలు, తెల్లకాగితం, చెరువు, పదో రోజు అయ్యాక ఇంకో తెల్లకాగితం. తను బొట్టు పెట్టిన సంగతి కూడా దాచలేదు. ఈసారి వెళ్తే మళ్ళీ రానని ఆ పిల్ల నాతో చెప్పిందండి, నేనే వెళ్ళమన్నానండి, ఆ పాపంలో సగం నాది, నా సగం నేను మోసుకుంటాను, కానీ ఆ సగం మోస్తూ ఆయన పక్కన కూర్చుని అన్నం తినలేను అంది. మెట్ల మీద ముప్పై మందీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చప్పట్లు కొట్టాలో వద్దో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు పాపం.

మేడం చెవిలో ఏదో పెట్టుకుని ఉంది. దాంట్లో ఎవరో ఏదో చెప్పినట్టున్నారు, తల పంకించింది. కళ్ళు తుడుచుకుని, జరిగిపోయినవి తవ్వుకుంటే ఏ కాపురమూ నిలబడదమ్మా అంది. ఆయన తప్పేముంది, ఊరి మంచి కోరిన మనిషి, నీకు ఇంత వయసొచ్చింది, మనసు పెద్దది చేసుకోవాలి అంది. అనేసి సుత్తి కొట్టింది. రమణమ్మకి ఎక్కడో విన్న మాటల్లా ఉన్నాయి. ఎక్కడో ఏంటి, తన వంటింట్లో తన నోటితో ముప్పై ఏళ్ళు చెప్పిన మాటలే. ఎదుటివాళ్ళ నోట వింటే ఎంత చేదుగా ఉంటాయో ఆవిడకి అప్పుడు తెలిసింది.

అప్పుడు వెనక తెర పక్కకి జరిగింది. అరటిబోదెలు, మామిడాకులు, రెండు పీటలు, పళ్ళెంలో తలంబ్రాలు. సన్నాయి మొదలైంది. నాగసతీష్ పట్టుచొక్కా వేసుకుని ఒక మూల నుంచి వచ్చాడు. వాడి చేతిలో కొబ్బరిబొండం, దాని మీద పసుపుతాడు, కొత్త మంగళసూత్రాలు. నాన్నకి అరవై నిండినప్పుడు చెయ్యలేకపోయాం కదమ్మా, ఇప్పుడు చేద్దామని, నీకు సర్‌ప్రైజ్ అన్నాడు. కన్నకొడుకు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అబద్ధం నీళ్ళు కావు. అందుకే ఆవిడకి ఇంకా ఒళ్ళు మండింది. ఇంత ప్రేమగా ఉచ్చు పన్నినవాడిని తిట్టడం ఎలాగో ఆవిడకి తెలియలేదు.

కిషోర్ వచ్చి మోచెయ్యి పట్టుకుని పీట దాకా నడిపించాడు. నూకరాజు గారు అప్పటికే పీట మీద ఉన్నారు, తాడు చేతిలో పట్టుకుని. మొహంలో ఏ తొందరా లేదు. నూట పదమూడోది కూడా నిలబడుతోందన్న నిశ్చింత ఆ మొహంలో ఉంది. కూర్చో రమణా అన్నారు, చుట్టాల ముందు పిలిచినట్టు మెత్తగా. అక్షింతలు పట్టుకుని ముప్పై మందీ లేచారు. కెమెరాలు నాలుగు వైపుల నుంచీ దగ్గరికొచ్చాయి. రమణమ్మ పీట వైపు చూసింది. కూర్చుంటే అయిపోతుంది, అందరూ సంతోషిస్తారు, సాయంత్రం బస్సెక్కి ఇంటికెళ్ళి పప్పు పొయ్యి మీద పడెయ్యొచ్చు. ఈ ఆలోచన ఆవిడకి నిజంగానే వచ్చింది. రాలేదని చెబితే ఆవిడే ఒప్పుకోదు.

కూర్చోలేదు.

"ఒక్కమాటండి," అంది. "తగువు తేలకుండా తాళేంటండి? మన పద్ధతి ఇది కాదు కదా. ముందు తెల్లకాయితం ఉండాలి కదండి."

సన్నాయి ఆగింది. నూకరాజు గారికి నవ్వొచ్చింది. మేడం ఏమిటా పద్ధతి అంటే ఆయనే ఉత్సాహంగా వివరించారు. ముందు సంతకాలు, తర్వాత తీర్పు, ఇచ్చిన మాట తప్పినవాడు మా సీమలో ఇంతవరకూ లేడండి అన్నారు. మేడానికి ఇది బాగా నచ్చింది. వెంటనే తెల్లకాగితం తెప్పించింది. రమణమ్మ షరతు చెప్పింది. నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. జవాబు చెప్పేరా, ఈ పీట మీద కూర్చుని మెడ వంచుతాను, మళ్ళీ బతికున్నంత కాలం గుమ్మం దాటను. చెప్పలేకపోయేరా, అమలాపురం కాగితాల మీద సంతకం పెట్టాలి. ఒప్పుకున్నట్టు ముందు దీని అడుగున పెట్టండి అంది. నాగసతీష్ ఏదో అనబోతే తండ్రి చెయ్యెత్తి ఆపారు.

"ప్రశ్నేంటో ముందు చెబుతావా?" అన్నారు, సరదాగా.

"నామీద నమ్మకం లేదాండి?" అంది రమణమ్మ.

ముప్పై మందీ నవ్వారు. నూకరాజు గారు కూడా నవ్వారు, ఇంకేం చేస్తారు, అది ఆయన మాటే కదా. జేబులోంచి పెన్ను తీసి, కాగితం అడుగున, ఎప్పుడూ ఎదుటివాళ్ళు పెట్టే చోట, పొడుగ్గా సంతకం పెట్టారు. కింద రమణమ్మ పెట్టింది.

"అడుగు," అన్నారాయన.

"సత్తెమ్మ కూతురి పేరు చెప్పండి."

నూకరాజు గారు వెంటనే నోరు తెరిచారు. రాఘవులు గారి కోడలు, అన్నారు. అది కాదండి, పేరు, అంది రమణమ్మ. గణపతి పెళ్ళాం, అన్నారు. పేరండి, అంది. ఆయనకి గణపతి తెలుసు. గణపతి తాత పేరు తెలుసు. ఆ చెరువు ఎన్ని ఎకరాలో, ఆ గట్టు మీద కొబ్బరిచెట్లు ఎన్నో తెలుసు. ఆ పిల్ల రెండుసార్లు ఆయన వరండాలో, ఆయన కాళ్ళకి నాలుగడుగుల దూరంలో చాప మీద ఉంది. ఒకసారి కూర్చుని ఆయన చెప్పింది వింది. ఇంకోసారి, గణపతి దండ వేసి తెచ్చిన ఫోటోలో ఉంది. పేరు మాత్రం ఆయన ఎప్పుడూ అడగలేదు. తీర్పులో దాని అవసరం ఎప్పుడూ పడలేదు.

కొడుకు వైపు చూశారు. నాగసతీష్ తల దించుకున్నాడు. వాడికీ తెలియదు. మేడం చెవిలో ఎవరో గట్టిగా అరుస్తున్నట్టున్నారు, ఆవిడ చెవిలోది తీసి బల్ల మీద పెట్టేసింది. సీరియల్లో అత్త వేషం వేసిన మనిషి, మొట్టమొదటిసారి ఏ వేషమూ లేకుండా చూస్తోంది. లక్ష్మి, అన్నారు నూకరాజు గారు. ఎవరికైనా ఉండే పేరే కదా అని వేసిన బాణం అది. రమణమ్మ తల అడ్డంగా ఊపింది. దుర్గ, అన్నారు. ఆవిడ ఇంక తల కూడా ఊపలేదు. ఆ రెండో పేరుతో ఆయన మొహంలో రక్తం దిగిపోవడం అందరికీ కనిపించింది. చేతిలో పసుపుతాడు అలాగే ఉంది.

కిషోర్ పరుగెత్తుకొచ్చి, ఇది కట్ చేసేద్దామండి, మళ్ళీ తీద్దామండి, పెద్దాయన్ని కాస్త ఫ్రీ చేద్దాం అన్నాడు. పేరు నేను చెవిలో చెబుతానండి అని కూడా అన్నాడు, వాడికెలా తెలుస్తుందో మరి. చప్పట్లు కొట్టడానికొచ్చిన వాళ్ళలో ఒకావిడ, చేతిలో అక్షింతలు పళ్ళెంలో పోసేసి, మళ్ళీ తియ్యొద్దు బాబూ అంది. ఇంకో ఇద్దరు కూడా పోసేశారు. వాళ్ళకి ఎవరూ చెయ్యమని చెప్పని పని ఆ రోజు అదొక్కటే.

రమణమ్మ సంచీలోంచి అమలాపురం కాగితాలు తీసింది. కవరు అదే, ఆయన మడిచి పంపిన మడత కూడా అదే. పెళ్ళిపీట మీద పరిచింది. నాగసతీష్ అమ్మా అని చెయ్యి పట్టుకున్నాడు. వాడి చెయ్యి మెల్లగా విడిపించుకుంది. నీ మీద కోపం లేదురా, నీ పెళ్ళాన్ని పేరుతో పిలుచుకుంటూ బతుకు, అంతకంటే నాకేం వద్దు అంది.

నూకరాజు గారు కాగితాల వైపు చూశారు, కెమెరాల వైపు చూశారు. ఇచ్చిన మాట తప్పినవాడు మా సీమలో లేడని పావుగంట కిందట అన్నది ఆయనే, అది నాలుగు కెమెరాల్లో ఉంది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ముప్పై ఏళ్ళ తెల్లకాగితాలన్నీ చిత్తుకాగితాలవుతాయని ఆయనకి తెలుసు. పరువు కోసమే పెట్టారో, ఇంకెందుకు పెట్టారో, రమణమ్మకి అక్కర్లేకపోయింది. తాడు పళ్ళెంలో పెట్టి, మూడు చోట్ల సంతకం పెట్టారు. మూడోసారి పెన్ను ఆగింది. తల ఎత్తకుండా, కెమెరాలకి వినిపించనంత నెమ్మదిగా అడిగారు.

"ఏం పేరు రమణా ఆ పిల్లది?"

నలభై ఏళ్ళలో ఆయన ఆవిడని తనకి తెలియనిది అడిగింది అదే మొదటిసారి. చెప్పెయ్యాలని ఆవిడకి ఒక్క క్షణం అనిపించింది. ఎంతైనా నలభై ఏళ్ళు. కానీ ఆ పేరు ఆవిడ ఇచ్చేది కాదు. ఇచ్చే హక్కు ఆవిడకీ లేదు.

"నేను చెప్పనండి," అంది రమణమ్మ, కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంటూ. "ఊరెళ్ళేక సత్తెమ్మ గుమ్మం ముందు నిలబడి అడగండి."